ఎడమ కాలి చెప్పు కుడి కాలికి

ఉదయం తొమ్మిదింటికి ఆరోగ్య కేంద్రం ఉన్న వీధిలోకి తిరగగానే ఆమెకు మొదటి అనుమానం వచ్చింది.

ముందు నడుస్తున్న మనిషి నడక బాగాలేదు. అతని కాళ్లు రెండూ మాటల్లేని తోడికోడళ్లలా చెరో పక్కకి పోతున్నాయి. పొద్దున్నే పుచ్చుకున్నాడు కాబోలు అనుకుని పక్కనుంచి దాటబోయింది. ఎదురుగా ఒక పెద్దావిడ, చంకలో ఫైలు, అదే నడక. ఆవిడ వెనక తాళాలు బాగుచేసే అతను, అదే నడక. బస్సు కోసం నిలబడ్డ నలుగురిలో ముగ్గురు నిలబడటం కూడా వంకరగానే నిలబడ్డారు.

పొద్దున్న తొమ్మిదింటికి వీధి మొత్తం తాగి ఉండదు కదా!

ఆమె చూపు కిందికి దించింది.

చెప్పులు తారుమారు. ఎడమ కాలిది కుడి కాలికి, కుడి కాలిది ఎడమ కాలికి. అందరివీ అంతే. బొటనవేళ్లు పట్టీల్లో ఇరుక్కుని విలవిల్లాడుతుంటే చిటికెనవేళ్లు బయటికొచ్చి రోడ్డు కొలుస్తున్నాయి.

"ఏమండీ," అని మొదటి మనిషిని ఆపింది. "మీ చెప్పులు తారుమారయ్యాయి."

"తెలుసమ్మా. ఇంకా పన్నెండు నిమిషాలుంది," అన్నాడు గడియారం చూసుకుని.

"దేనికి?"

"బీపీ దిగడానికి."

"ఎవరు చెప్పారు మీకు?"

అతను ఆమెను ఎగాదిగా చూసి పక్క గోడ వైపు వేలు చూపించాడు. "బాగుందమ్మా, మీరే వేసి మీరే అడుగుతారా?"

గోడ మీద ఉన్నది ఆమె పోస్టరే.

ఆమె ఆరోగ్య కేంద్రంలో ప్రచార అధికారి. ఎవరైనా తుమ్మితే చాలు, జలుబు మీద కరపత్రం తీసి చేతిలో పెడుతుంది. దగ్గితే దగ్గు మీద ఇస్తుంది. అందుకని ఇంటా బయటా ఆమె అసలు పేరు ఎగిరిపోయి 'కరపత్రం' మిగిలింది.

మూడు వారాల కిందట ఫోన్లలో ఒక గొంతు తిరగడం మొదలుపెట్టింది. పేరు లేదు, ఊరు లేదు. గంభీరమైన గొంతు మాత్రం ఉంది. 'చెప్పులు తారుమారుగా తొడుక్కుని రోజూ నలభై నిమిషాలు నడవండి. రక్తం దారి మళ్లుతుంది. బీపీ దిగుతుంది. మాత్రలు చెత్తబుట్టలో పడేయండి.' అది విని కరపత్రం మండిపడింది. వారం తిరక్కుండా ఆ అబద్ధాన్ని ఖండిస్తూ పోస్టరు తయారుచేయించి నలభై గోడల మీద అంటించింది.

ఇప్పుడు ఆ పోస్టరును మొదటిసారి దారిన పోయే మనిషిలా చూసింది.

పైన ఆరోగ్య శాఖ గుర్తు. దాని కింద అరచెయ్యంత ఎర్రటి అక్షరాలు: 'చెప్పులు మార్చి తొడిగితే బీపీ తగ్గుతుందా?' మధ్యలో నాలుగు చక్కటి బొమ్మలు. ఒకటి, చెప్పులు విప్పడం. రెండు, అటుది ఇటు పెట్టడం. మూడు, తొడుక్కోవడం. నాలుగు, నవ్వుతూ నడవడం. అన్నిటికన్నా కింద, అంచుకు ఆనుకుని, చీమల బారులాంటి అక్షరాలు: 'ఇది నిజం కాదు.'

పక్కనే ఒకాయన ఆ బొమ్మలు చూసి తన చెప్పులు మార్చుకుంటున్నాడు. మూడో బొమ్మ దగ్గర సందేహం వచ్చినట్టుంది, మళ్లీ రెండో బొమ్మ చూసుకున్నాడు.

* * *

"ఆ గొంతు విన్నది పదిమంది. దాన్ని మనం ఊరందరికీ నేర్పించాం," అంది డాక్టరమ్మ.

ఆరోగ్య కేంద్రానికి పెద్ద ఆవిడే. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది. పోస్టరుకు ముందు, మాత్రలు మానేసినవాళ్లు ఇద్దరు. తర్వాత, పంతొమ్మిది మంది. చీలమండ బెణికి వచ్చినవాళ్లు ఆరుగురు, అదనం.

పోస్టరు గీసిన ఆర్టిస్టు గుమ్మం దగ్గర చేతులు కట్టుకు నిలబడ్డాడు. ముఖంలో పశ్చాత్తాప ఛాయలు ఎక్కడా లేవు.

"జనానికి బొమ్మ చూడగానే అర్థమవ్వాలన్నారు మేడమ్. అర్థమైంది కదా."

"ఏం అర్థమైందయ్యా?" అంది కరపత్రం.

"ఎలా తొడుక్కోవాలో."

"తొడుక్కోవద్దని చెప్పడానికి కదా వేశాం!"

"వద్దు అనేదానికి బొమ్మ ఎలా వేస్తాను మేడమ్? అందుకే దాన్ని అక్షరాల్లో పెట్టేశా. చోటు చాలక కాస్త చిన్నగా వచ్చింది. అయినా నాలుగో బొమ్మలో ఆ నవ్వు చూశారా? ఆ నవ్వుకే నాకు రెండు రోజులు పట్టింది."

"అబద్ధాన్ని ముందు కారులో కూర్చోబెట్టాం. నిజాన్ని వెనక నడిచి రమ్మన్నాం," అని డాక్టరమ్మ నిట్టూర్చింది. "దాన్ని చూసి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది నేనే. నా బుద్ధి ఎక్కడికి పోయిందో!"

కరపత్రం నోరు తెరవబోయింది. ఫోన్ మోగింది.

అత్తయ్య.

"అమ్మాయ్, నువ్వు ఉన్నపళంగా రా. మీ మావయ్య మాత్రలు మానేశాడు. ఇవాళ్టికి తొమ్మిదో రోజు. ఇప్పుడే డబ్బాలో చూశాను."

కరపత్రం కుర్చీలోంచి లేచింది. మావయ్య అన్నగారికి కూడా బీపీయే. బాగానే ఉన్నాను కదా అని ఆయన మాత్రలు మానేశాడు. ఒక మధ్యాహ్నం పేపరు చదువుతూ పక్కకి ఒరిగిపోయాడు. మూడేళ్లుగా మంచం, మాట లేదు. ఇప్పుడు తమ్ముడి వంతు రాబోతోంది. రప్పిస్తున్నది ఆమె పోస్టరు!

* * *

మావయ్య తూనికలు, కొలతల శాఖలో ముప్పై రెండేళ్లు ఇన్‌స్పెక్టరు. ఆయన వీధి మొదట్లో కనిపిస్తే వీధి చివర దుకాణంలో త్రాసు దానంతట అదే సరిగ్గా నిలబడేదని చెప్పుకుంటారు. రిటైరయ్యాక దుకాణాలు బతికాయి, అత్తయ్య ఇరుక్కుంది. ఆయన గ్లాసులో పాలు నురగ మినహాయించి కొలుస్తాడు.

కరపత్రం వెళ్లేసరికి మావయ్య హాల్లో గోడ నుంచి గోడకి నడుస్తున్నాడు. తారుమారు చెప్పులు, చేతిలో స్టాప్‌వాచ్. కుర్చీ పట్టుకుని మలుపు తిరిగాడు.

అత్తయ్య ఆమెను వంటింట్లోకి లాగింది. "మాట్లాడి లాభం లేదే. మాత్ర నూరి పాలల్లో కలిపేద్దాం."

"వద్దత్తయ్యా. రేపు తెలిసిందంటే మనం నిజం చెప్పినా నమ్మడు. చెప్పే వేయించాలి."

"తెలియడమేమిటి, గుటకలో అర మిల్లీ తేడా వస్తే పట్టేస్తాడు! సరే, చెప్పు. ముప్పై ఏళ్లుగా నేను చెప్పలేనిది నువ్వు చెబుతావు."

కరపత్రం హాల్లోకి వచ్చింది. "మావయ్యా, ఆ నడక ఆపు. అది పచ్చి అబద్ధం."

"నీ పోస్టరేనే," అన్నాడు ఆగకుండా. "శాఖ గుర్తుతో సహా."

"కింద 'ఇది నిజం కాదు' అని ఉంది కదా!"

"ఉందా?" మావయ్య ఆగాడు. షెల్ఫు మీంచి భూతద్దం, స్కేలు, మడతపెట్టిన పోస్టరు తీశాడు. కొలిచాడు. "అక్షరం ఎత్తు ఒకటిన్నర మిల్లీమీటరు. ఒకటిన్నర! నా సర్వీసులో పొట్లం మీద బరువు ఇంత చిన్నగా వేసినవాడి సరుకు సరుకంతా స్వాధీనం చేసుకున్నాను. కనబడని అక్షరం రాయని అక్షరంతో సమానం. నీ పోస్టరు మీద పెద్దగా ఏముంది? చెప్పులు. నేను చెప్పులు తొడిగాను."

కరపత్రం అలవాటుగా సంచీలో చెయ్యి పెట్టింది. దీని మీద కరపత్రం వేయించలేదు.

"తప్పు నాదే మావయ్యా," అంది. "నూటికి నూరుపాళ్లు నాదే."

మావయ్య భూతద్దం దించాడు. ముప్పై రెండేళ్ల సర్వీసులో తప్పు నాదే అన్న మనిషి ఆయనకు తగలలేదు. ఎలా స్పందించాలో తెలియక స్టాప్‌వాచ్ ఆపాడు.

"అయినా బీపీ తగ్గిందే," అన్నాడు కాస్త మెత్తగా. "తల తేలిగ్గా ఉంది."

"ఎంత తగ్గింది?"

"చెప్పానుగా, తేలిగ్గా ఉంది."

"ఎంత తేలిగ్గా?"

"అంటే... బాగా."

కరపత్రానికి ఒక్కసారిగా దారి దొరికింది. "మావయ్యా, దుకాణం వాడు సంచీ చేత్తో ఎత్తి చూసి, 'కిలో ఉన్నట్టే ఉంది సార్' అంటే నువ్వేం చేసేవాడివి?"

వంటింట్లో అత్తయ్య చేతిలో గరిటె గాల్లో ఆగింది.

మావయ్య ముఖం ఎర్రబడింది. నెమ్మదిగా తెల్లబడింది. "యంత్రం తెమ్మను," అన్నాడు.

"ఆరోగ్య కేంద్రానికి పద."

"పద. ముందు ఆ యంత్రం సంగతి తేలుస్తా."

* * *

మావయ్య వీధిలో నడుస్తుంటే తారుమారు చెప్పులవాళ్లు ఒక్కొక్కరే వెనక చేరారు. ఇన్‌స్పెక్టరు గారు ఆరోగ్య కేంద్రం మీద దాడికి వెళ్తున్నారన్న మాట ఎలా పుట్టిందో పుట్టింది. గేటు దగ్గరికొచ్చేసరికి పాతికమంది అయ్యారు. దారిలో ఇద్దరు పడ్డారు, లేచి మళ్లీ కలిశారు.

డాక్టరమ్మ కిటికీలోంచి చూసి ఆర్టిస్టును బీరువా చాటుకు పొమ్మంది.

మావయ్య బీపీ యంత్రాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. రెండో యంత్రం తెప్పించాడు. మూడోది కూడా. ఒకే చేతికి ఒకదాని తర్వాత ఒకటి పెట్టి, మూడూ దగ్గరదగ్గర అంకెలే చూపిస్తాయని తేల్చుకున్నాక కూర్చున్నాడు.

"ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి బాబాయ్ గారూ," అంది డాక్టరమ్మ. "వీపు ఆనించండి. పాదాలు నేల మీద ఆనాలి. మాట్లాడకూడదు."

"ఆయన మాట్లాడడులే అమ్మా, నేనే—" అని వెంట వచ్చిన అత్తయ్య అందుకుంది.

"పక్కవాళ్లు కూడా."

ఐదు నిమిషాలు గడిచాయి. అత్తయ్య పెళ్లైనప్పటి నుంచి అంతసేపు మౌనంగా ఉండటం మావయ్య చూడలేదు. యంత్రం గుర్రుమంది.

నూట డెబ్బై రెండు, నూట నాలుగు.

"మళ్లీ," అన్నాడు మావయ్య.

నూట డెబ్బై, నూట నాలుగు.

డాక్టరమ్మ తలనొప్పి ఉందా, ఛాతీలో నొప్పి ఉందా, చూపు మసకేసిందా, చెయ్యీ కాలూ తిమ్మిరెక్కాయా అని వరసగా అడిగింది. ఏమీ లేవన్నాడు. "ఇదే దీనితో గొడవ," అంది. "నొప్పి ఉండదు. అంకె మాత్రం ఉంటుంది. ఇప్పుడే మాత్ర వేసుకోండి."

"ఆగమ్మా. ఇవాళ నేనింకా నలభై నిమిషాలు పూర్తి చేయలేదు. సగం తూచిన సరుకు మీద తీర్పు చెప్పను. సరిగ్గా పరీక్షిద్దాం."

"గంటన్నర ఇస్తాను. ఒక్క నిమిషం ఎక్కువ ఇవ్వను."

మావయ్య లేచాడు. ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లిపోయాడు. పాతికమందినీ వరండాలో వరసగా నిలబెట్టి అందరికీ బీపీ చూపించి రాయించాడు. చీట్లు తీయించాడు. తనతో కలిపి పదమూడు మందిని తారుమారు చెప్పులతో ఉండమన్నాడు, పదముగ్గురిని చెప్పులు సరిగ్గా తొడుక్కోమన్నాడు. అందరూ ఒకే వరండాలో, ఒకే వేగంతో, నలభై నిమిషాలు.

"రెండో జట్టు ఎందుకండీ? మేము ఊరికే నడవడమేనా?" అన్నాడు తాళాలు బాగుచేసే అతను.

"రెండో పళ్లెం లేకుండా త్రాసు ఉంటుందటయ్యా? నడక వల్ల తగ్గిందా, చెప్పుల వల్ల తగ్గిందా, నువ్వు చెప్పగలవా?"

"చెప్పలేను."

"అందుకే నడువు."

ఆ నలభై నిమిషాలు ఆరోగ్య కేంద్రం చరిత్రలో లేనివి. సరిగ్గా తొడిగినవాళ్లు పదముగ్గురూ గోడవారగా హాయిగా సాగిపోయారు. తారుమారువాళ్లు మలుపు దగ్గర ఒకరి మీద ఒకరు ఒరిగి ఆగిపోతే వెనకవాళ్లు వచ్చి ఢీకొన్నారు. ఫైలు పెద్దావిడ, "నా వేలు!" అని అరిచింది. ఎవరి వేలో తేలడానికి రెండు నిమిషాలు పట్టింది. కట్టు కట్టించుకోవడానికి వచ్చిన ఒకాయన ఇదంతా చూసి, కట్టు తర్వాత కట్టించుకుంటానని బయటికి పోయాడు.

నడక ముగిసింది. అందరూ ఐదు నిమిషాలు కూర్చున్నారు. యంత్రాలు గుర్రుమన్నాయి. మావయ్య కూడికలు వేశాడు, భాగించాడు, మళ్లీ వేశాడు.

"చెప్పండి సార్," అంది గుంపు.

"సరిగ్గా తొడిగినవాళ్లకి సగటున ఐదు తగ్గింది. తారుమారు జట్టుకి నాలుగు."

"అంటే?"

"అంటే తగ్గిన ఆ కాస్తా నడిచి, కూర్చున్నందుకు. చెప్పుల మహిమ సున్నా." గొంతు సవరించుకున్నాడు. "నాది నూట అరవై తొమ్మిది."

డాక్టరమ్మ ఆయన పాత బీపీ పుస్తకం తెరిచి ముందు పెట్టింది. మాత్రలు వేసుకున్న రెండేళ్లూ నెలనెలా రాసిన అంకెలు. నూట ముప్పై రెండు. నూట ముప్పై. నూట ముప్పై నాలుగు. మావయ్య వేలితో ఒక్కో వరసా దిగుతూ చూశాడు. చివరి వరస దగ్గర వేలు చాలాసేపు ఆగింది.

అత్తయ్య మాత్ర, నీళ్లు పట్టుకుని ముందుకొచ్చింది. "ఇంకా ఏముంది, వేసుకోండి!"

మావయ్య చెయ్యి చాచలేదు.

కరపత్రం గోడ గడియారం చూసింది. ఇచ్చిన గంటన్నరలో మిగిలింది ఏడు నిమిషాలు.

"చెప్పులు తప్పని తేలింది. ఒప్పుకుంటున్నా," అన్నాడు మావయ్య. "మరి ఏది ఒప్పు? నీ పోస్టరు మీద మాత్ర వేసుకోమని ఎక్కడుంది? ఒక్క అక్షరం చూపించు. ఒకటిన్నర మిల్లీమీటరుదైనా సరే."

కరపత్రం పోస్టరు వైపు చూసింది. నిజంగానే లేదు! అబద్ధం అబద్ధమని చెప్పడంలో మునిగిపోయి, చేయాల్సిన పని రాయడం మర్చిపోయింది.

"ఆర్టిస్టూ!" అని కేకేసింది. బీరువా చాటు నుంచి అతను బయటికొచ్చాడు. "పెద్ద కాగితం. లావు బ్రష్షు. నేను చెప్పింది రాయి. బొమ్మ వేశావంటే ఊరుకోను."

వరండాలో కాగితం పరిచారు. పాతికమంది చుట్టూ మూగారు. గుంపు మధ్యలో మావయ్య స్కేలు పట్టుకుని నిలబడ్డాడు.

"రాయి. 'బీపీ మాత్ర రోజూ వేసుకోండి.'"

"బాగున్నప్పుడు కూడానా?" అన్నాడు మావయ్య.

"'ఒంట్లో బాగున్నా వేసుకోండి. బీపీ ఎక్కువైతే చాలామందికి తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది.'"

"తగ్గిపోయాక ఎందుకే ఇంకా? జీవితాంతం మింగాలా? ఆ డబ్బా చూస్తే చాలు, ముసలాడివయ్యావురా అని అంటున్నట్టుంటుంది."

అసలు సంగతి ఇదన్నమాట! తొమ్మిది రోజులు ఆయన పారిపోతున్నది బీపీ నుంచి కాదు, డబ్బా నుంచి.

కరపత్రం బ్రష్షు వైపు చూడకుండా ఆయన వైపు చూస్తూ చెప్పింది. "మాత్ర పని చేస్తోంది కాబట్టే తగ్గి ఉంటుంది మావయ్యా. మానేస్తే మళ్లీ పెరుగుతుంది. పెరిగిందని నీకు తెలియదు. లోపల రక్తనాళాలు రోజూ ఆ ఒత్తిడి మోస్తూనే ఉంటాయి. మెదడులోవి, గుండెలోవి, కిడ్నీల్లోవి."

మావయ్య స్కేలు చంకలో పెట్టుకున్నాడు. "స్ప్రింగు త్రాసు," అన్నాడు చివరికి, తనలో తను అనుకుంటున్నట్టు. "ఎప్పుడూ బరువు వేలాడదీసి ఉంచితే స్ప్రింగు సాగుతుంది. చూడటానికి బాగానే ఉంటుంది. ఒకరోజు బరువు తీసినా వెనక్కి రాదు." ఆగాడు. "అన్నయ్యది అదే."



"ఇది రాయొచ్చా?" అంది కరపత్రం మెల్లగా.

"మాత్ర గురించి ముందు రాయి. స్ప్రింగు తర్వాత."

ఆర్టిస్టు రాశాడు. 'మీ అంతట మీరు మాత్ర మానకండి. మార్చాలన్నా ఆపాలన్నా డాక్టరును అడగండి' అని కూడా రాశాడు.

"చెప్పుల మాటో?" అన్నాడు తాళాలు బాగుచేసే అతను.

"చివర్లో ఒక్క వరస," అంది కరపత్రం. "'చెప్పులు ఎలా తొడిగినా బీపీ మారదు. రక్తాన్ని నడిపేది గుండె, దానికి చెప్పులతో పనిలేదు.'"

మావయ్య మోకాళ్ల మీద కూర్చుని మొదటి వరస అక్షరం ఎత్తు కొలిచాడు. ఎనభై మిల్లీమీటర్లు. చివరి వరస కొలిచాడు. ఇరవై. తల ఊపాడు. లేచి, వెనక బెంచీ దాకా నడిచి, అక్కణ్నుంచి కళ్లజోడు తీసి పైకి చదివాడు. "బీపీ మాత్ర... రోజూ... వేసుకోండి."

వెనక్కి వచ్చాడు. చెయ్యి చాచాడు. అత్తయ్య మాత్ర పెట్టింది. డాక్టరమ్మ పాత మాత్రే, పాత మోతాదే అని చూసి తలాడించింది.

మావయ్య మింగాడు. పాతికమంది చూపులూ ఆయన గొంతు మీదే ఉన్నాయి. గొంతు ముడి ఒకసారి పైకి వెళ్లి కిందికి దిగింది.

"దిగిందా?" అంది అత్తయ్య.

"దిగింది."

కరపత్రం ఊపిరి వదిలి గోడకి చేరగిలబడింది. గుంపులో ఇద్దరు ముగ్గురు తమ మాత్రలు ఎక్కడ పెట్టామా అని తడుముకుంటూ ఇంటిదారి పట్టారు. ఫైలు పెద్దావిడ డాక్టరమ్మ గది ముందు వరసలో నిలబడింది.

మావయ్య మాత్రం కుర్చీ లాక్కుని యంత్రం ముందు కూర్చున్నాడు. వీపు ఆనించాడు. పాదాలు నేల మీద ఆనించాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"ఏం చేస్తున్నారు బాబాయ్ గారూ?" అంది డాక్టరమ్మ.

"మాత్ర వేశాను కదమ్మా. ఎంత తగ్గిందో చూడు."

"నిమిషం కూడా కాలేదు! మెల్లమెల్లగా దిగుతుంది. పూర్తిగా దారికి రావడానికి వారం, పది రోజులు పడుతుంది. రోజూ వేసుకుంటేనే."

మావయ్య స్టాప్‌వాచ్ సున్నాకి తెచ్చి నొక్కాడు.

"ఫర్వాలేదు," అన్నాడు. "కూర్చుంటాను."